డిపో గోడ పక్కన ఇద్దరు

ఆ రోజు అక్టోబరు ఆరు, ఆదివారం. మధ్యాహ్నం భోజనంలోకి ఉడికించిన గుడ్లు, మిరియాల పొడి చల్లి వేయించిన బంగాళాదుంపలు, చివర్లో ఆపిల్ ముక్కలు. అందరి పళ్లాల్లోనూ ఆపిల్ ముక్కలు ఒకేలా కనిపించాయి గానీ, మామగారి పళ్లెంలోవి కాగితంలా పలుచగా ఉన్నాయి. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయనకి గట్టి వస్తువు నమలడం కష్టమైంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే కోపం. అందుకని చెల్లెమ్మ ఆయన ముక్కలు వేరుగా తరిగి, వేరుగా తరిగినట్టు కనపడకుండా పేర్చేది. నేను చూశాను. చూసినట్టు కనపడకుండా తిన్నాను.

తేదీ గుర్తుండిపోయింది ఆపిల్ వల్ల కాదు. కెమెరా సంగతి నేను వాళ్లకి చెప్పింది ఆ రోజే.

చెల్లెమ్మ అంటే మా బావమరిది భార్య. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. ఆవిడ తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చెల్లెమ్మ పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. ఉద్యోగాలకి వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టి వెళ్లి, సాయంత్రం తీసుకెళ్తారు. మామగారు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. కొడుకు, కోడలి దగ్గరే ఉంటారు. మా ఆవిడ ఉన్న రోజుల్లో మేం ఆ ఇంటికి ఎప్పుడో ఓసారి వెళ్లేవాళ్లం. ఆవిడ పోయాక ప్రతి ఆదివారం వెళ్లడం మొదలైంది. ఒంటరివారు కదా రండి అని చెల్లెమ్మ ఒక్కసారి కూడా అనలేదు. "అన్నయ్యా, వచ్చేటప్పుడు నిమ్మకాయలు పట్టుకురండి, మా సందులో వడిలిపోయినవే దొరుకుతున్నాయి" అని శనివారం ఫోను చేసేది. మనకి పని చెప్పేవాళ్ల ఇంట్లో మనం చుట్టాలం కాము. మా ఇల్లు నిద్రపోవడానికే అయిపోయాక, నాకంటూ మిగిలిన ఇల్లు అదొక్కటే.

"కెమెరానా?" మా బావమరిది చెంచా ఆపాడు. "ఏం తీస్తావు బావా ఈ వయసులో?"

"నలుపు తెలుపు ఫొటోలు. అందులోనూ మినిమలిస్ట్ పద్ధతి. అంటే ఫొటోలో ఎంత తక్కువ ఉంటే అంత మంచిదన్నమాట. ఒక గోడ, ఒక కుర్చీ. లేదా వట్టి ఆకాశం, ఒక కరెంటు తీగ."

"అంతేనా? అయితే మా బిల్డింగు లిఫ్టులోకి రా. లైటుండదు, ఫ్యానుండదు, కదలడం అసలే ఉండదు. మొత్తం మినిమలిస్టే."

"చెప్పుకోడానికి సిగ్గుండాలి," చెల్లెమ్మ అందుకుంది. "ఊళ్లో లిఫ్టులన్నీ ఈయన బాగుచేస్తారు. నేను మాత్రం మామయ్యగార్ని నాలుగంతస్తులు నడిపించుకుని దించాలి."

"అది వేరే కంపెనీదే. నేను చెయ్యి పెడితే నా ఉద్యోగం ఊడుతుంది."

"పెట్టకపోతే నా నడుం ఊడుతోంది."

మామగారు నవ్వబోయి ఆపుకుని, నా వైపు తిరిగారు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. "ఇన్నాళ్లూ రంగుల ఫ్యాక్టరీ జీతం తిని, ఇప్పుడు రంగులొద్దంటావేం అల్లుడూ? ఇదేం విశ్వాసం?"

ఆయన అన్నది నిజమే. రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో షేడ్ మ్యాచింగ్ నా పని. కొనేవాడు ఒక గుడ్డ పీలికో పెంకు ముక్కో తెచ్చి ఇదే రంగు కావాలంటే, చుక్క చుక్కగా కలిపి ఆ రంగు పుట్టించాలి. రిటైరైన రోజు తోటివాళ్లు కెమెరా ఇచ్చారు. పెట్టెలోంచి తియ్యనే లేదు. మా ఆవిడ మంచాన పడింది, తర్వాత పోయింది. ఇల్లు ఖాళీ అయింది. ఖాళీని కూడా అందంగా చూడటం నేర్పే క్లబ్బు ఒకటి ఉందని లైబ్రరీ నోటీసు బోర్డులో చదివి, ఆ కెమెరా తీసుకుని వెళ్లాను. నాలాంటివాడి కోసమే పెట్టారనుకున్నాను.

క్లబ్బు లైబ్రరీ మేడ మీద గదిలో జరిగేది. దానికి పెద్ద ఒక పళ్ల డాక్టరు. సన్నగా, శుభ్రంగా, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. ఏ ఫొటో చూసినా ఆయన నోట మొదట వచ్చే మాట "ఖాళీ చాల్లేదు". అందుకని సభ్యులు చాటుగా ఖాళీ డాక్టరు అనేవారు. ఆయన దగ్గర నల్ల అట్ట ముక్కలు రెండు ఉండేవి, వడ్రంగి మూలమట్టంలా, ఎల్ అక్షరం ఆకారంలో కత్తిరించినవి. ఎవరైనా ఫొటో బల్ల మీద పెడితే, ఆ రెండు అట్టల్నీ ఎదురెదురుగా పెట్టి లోపలికి జరుపుతూ పోయేవాడు. అట్టల కింద అక్కర్లేనిదంతా కప్పబడిపోయేది. "ఇది పోతే నష్టమా? కాదు. ఇది? కాదు. ఇదీ?" అంటూ జరిపేవాడు. ఎక్కడో ఒక చోట చెయ్యి ఆగేది. ఆగిన చోట మిగిలిందే ఫొటో.

ఈ సంగతి చెప్తే మా బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "పళ్లు పీకేవాడికి ఫొటోలోవి పీకడం ఒక లెక్కా బావా! జాగ్రత్త, మత్తిచ్చి మరీ పీకుతాడు."

మొదటి రెండు నెలలూ నావి ఒక్కటీ నిలబడలేదు. కిటికీ అంచు మీద చెంచా తీశాను. చెంచాలో నా మొహం కనిపిస్తోందన్నారు. ఆరేసిన తీగ మీద ఒకే ఒక్క క్లిప్పు తీశాను. తీగ వంగిందన్నారు. మా హాల్లో తెల్లగోడ తీస్తే, దాని మీద ఒకప్పుడు కేలండరు వేలాడిన చోటు లేతగా కనపడుతోందని, ముందు గోడకి రంగు వేయించుకోమన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయినా నేర్చుకుంటున్నాను. రంగు తీసేస్తే ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదలోకి దిగిపోతాయని లెక్కప్రకారం ఎప్పుడో తెలుసు. కళ్లతో చూడటం అదే మొదలు. ఇంటికి వచ్చి కొళాయి కింద కప్పు కడుగుతూ, పడే నీటి గీతని చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. మా ఆవిడ పోయాక అలా ఒకదాన్ని చూస్తూ నిలబడటం అదే మొదలు. దానికి ఆ క్లబ్బుకి రుణపడి ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ కాదనను.

డిసెంబరులో బస్సు డిపో ప్రహరీకి సున్నం వేశారు. మామగారి బిల్డింగుకి ఎదురుగా ఆ గోడ. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క పోస్టరు కూడా పడని తెల్లగోడ. రోజూ సాయంత్రం మామగారు ఆ గోడ మొదట్లో, గేటు పక్కన కూర్చుంటారు. డ్యూటీ దిగిన బస్సులు అక్కడే మలుపు తిరిగి లోపలికి వెళ్తాయి. ఆయన చూస్తారు. ఎవరు క్లచ్చు మీద కాలు పెట్టి తిప్పుతున్నారో, ఎవరు అద్దం చూడకుండా తిప్పుతున్నారో పైకే తిడతారు. పాత డ్రైవర్లు హారన్ కొట్టి పలకరిస్తారు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తుతారు. రోజులో ఆయన మనిషిలా ఉండేది ఆ కాసేపే.

ఆయన్ని అక్కడికి చేర్చడం చెల్లెమ్మ పని. పని నుంచి వచ్చి, వేసుకున్న లేత నీలం ఏప్రన్ కూడా విప్పకుండా, ఒక భుజానికి మడత కుర్చీ తగిలించుకుని, రెండో చెయ్యి ఆయన నడుం వెనక పెట్టి దించుతుంది. రోడ్డు దాటిస్తుంది. కుర్చీ వేసి, కూర్చోబెట్టి, కర్ర చేతికిచ్చి, తను నాలుగడుగులు పక్కకి వెళ్లి నిలబడుతుంది.

ఒక సాయంత్రం నేను కెమెరాతో వెళ్లాను. "అంత దూరం ఎందుకమ్మా?" అన్నాను.

"పాతవాళ్లు పలకరిస్తారు కదా అన్నయ్యా. పక్కనే నేను కాపలా ఉంటే ఆయనకి చిన్నతనం. తనంతట తానే వచ్చి కూర్చున్నట్టు ఉండాలి."

"ఒకవేళ ఒరిగితే?"

"నాలుగడుగులేగా. అందుకోనూ?"

రోడ్డుకి ఇవతల నిలబడి చూశాను. చాలా పెద్ద తెల్లదనం. కింద ఎడమ మూల కుర్చీ, కర్ర, ముసలాయన. ఆయనకి నాలుగడుగుల అవతల, ఎవరి కోసమో చూస్తున్నట్టు రోడ్డు వైపు మొహం పెట్టిన చెల్లెమ్మ. మధ్యలో ఖాళీ.

"అన్నయ్యా, నేను అడ్డమా? జరగనా?" అక్కణ్ణుంచి అరిచింది.

"వద్దు. అలాగే ఉండు."

"జుట్టు రేగిపోయి ఉంది!"

"పిట్టంత కనపడతావు. జుట్టెవరు చూస్తారు?"

"ఫొటో పెద్దది చేసినప్పుడు చూస్తారు," అని చేత్తో సర్దుకుంది. నొక్కాను.

ఆ రాత్రి ఇంట్లో పెద్దది చేసి చూసినప్పుడు జుట్టు కాదు, పాదం కనపడింది. మొహం రోడ్డు వైపు, ఒళ్లు రోడ్డు వైపు. కుడి పాదం మాత్రం ఆయన వైపు తిరిగి ఉంది, పరుగు తియ్యబోయేవాళ్ల పాదంలా. ఇన్నాళ్లకి ఒక ఫొటో తీశాననుకున్నాను. అందులో గోడ ముఖ్యం కాదు, కుర్చీ ముఖ్యం కాదు. ఆ నాలుగడుగులు ముఖ్యం.

క్లబ్బులో బల్ల మీద పెట్టాను. డాక్టరు వంగి చూశాడు. తర్వాత అట్టలు తీశాడు. కింది అట్ట కదపలేదు. పై అట్ట కదపలేదు. కుడివైపు అంచు ఒక్కటే, నిదానంగా లోపలికి జరిపాడు. చెల్లెమ్మ భుజం పోయింది. మొహం పోయింది. ఆ పాదం కూడా పోయింది.

గదిలో అందరూ ఒక్కసారిగా "అబ్బ" అన్నారు.

మనిషిని ఆ "అబ్బ" ఏం చేస్తుందో, ముందెప్పుడూ విననివాడికి తెలియదు.

"ఆ అమ్మాయి మా చెల్లెమ్మండీ," అన్నాను. "ఆయన కోడలు. ఆవిడే తీసుకొస్తుంది."

"అది మీకు తెలుసు," అన్నాడు డాక్టరు మెత్తగా. "చూసేవాడికి ఆవిడ బస్సు కోసం నిలబడ్డ ఎవరో. ఏప్రన్ కూడా గోడలో కలిసిపోయింది చూడండి. మీరే అన్నారుగా, లేత నీలం తెలుపులోకి పోతుందని."

అన్నాను. ల్యాబులో పనిచేసినవాణ్ణని చూపించుకోడానికి అన్నాను.

"ఆవిడ ఉంటే ఇది ఇద్దరు మనుషులున్న రోడ్డు. లేకపోతే ఇది ఒక జీవితం. ఇష్టం మీది."

ఇష్టం నాదే. తలూపాను. పేరు కూడా ఆయనే పెట్టాడు, 'ఎవరూ రాని సాయంత్రం' అని. అప్పుడు నాకు బాగుందనిపించింది. ఆ మూడు మాటల్లో మామగారు లేరు, చెల్లెమ్మ లేదు, నేనే ఉన్నాననుకున్నాను.

ఫిబ్రవరిలో లైబ్రరీ కింది హాల్లో ప్రదర్శన పెట్టారు. నా ఫొటోకి మొదటి బహుమతి. గుమ్మానికి ఎదురుగా ఉండే గోడకి, దాన్నొక్కదాన్నే వేలాడదీశారు. నేను ముగ్గుర్నీ పిలిచాను. కోసిన సంగతి చెప్పలేదు. చూశాక చెప్తే బాగుంటుందనుకున్నానో, చూశాక చెప్పక్కర్లేదనుకున్నానో, ఇప్పుడు నాకే తెలియడం లేదు.

మా బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చెల్లెమ్మ జుట్టు నున్నగా దువ్వుకుని, చెవులకి కొత్తవి పెట్టుకుంది. "ఫొటోలో జుట్టెలాగూ పాడుచేశారు, ఇక్కడైనా బాగుండాలిగా," అంది. మామగారు ఫొటో ముందు కర్ర ఆనించి నిలబడ్డారు. ఎవరో పెద్దావిడ ఆయన్ని చూసి అడక్కుండానే కుర్చీ తెచ్చి వేసింది. ఫొటోలో ఉన్నది ఈయనేనని ఆవిడకి తెలియదు.

"నేనే!" అన్నారు మామగారు. "కర్ర కూడా నాదే. ఏం అల్లుడూ, నన్ను పోస్టరు చేశావే!"

చెల్లెమ్మ దగ్గరికి వెళ్లింది. ఎడమ మూల చూసింది. తెల్లగోడ వెంట కళ్లు కుడి వైపుకి నడిపించింది. అంచు దాకా వెళ్లి ఆగింది. చూపుడు వేలు చెక్క ఫ్రేము మీద, ఇంకొంచెం జరిపి ఫ్రేము దాటాక హాలు గోడ మీద పెట్టింది.

"నేను ఇక్కడ కదా అన్నయ్యా నిలబడ్డాను?"

"అవునమ్మా. క్లబ్బువాళ్లు... ఫొటో బలంగా రావాలంటే..."

"జుట్టు బాగాలేదనా?" నవ్వింది. ఆ నవ్వు నన్ను బయటపడేయడానికి నవ్విన నవ్వు. ఆ సాయంత్రానికి అది చాలు, సర్దుకుపోయేదే.

కానీ మా వెనక ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. "పాపం, ఏ తండ్రో. వీధిలో ఎలా పడేశారో చూడు," అంది ఒకావిడ. "కొడుకు మెతక అయ్యుంటాడు. కోడలు ఎలాంటిదో మరి," అంది రెండో ఆవిడ. "పేరు కూడా ఎంత బాగా పెట్టారో."

అప్పుడు చెల్లెమ్మ ఫొటో కింద అతికించిన పేరు చదివింది. చదివి, మామగారి మెడలో మఫ్లరు సర్ది, "చలిగా ఉంది మామయ్యగారూ, వెళ్దాం" అంది. దారిలో మామగారు, ఫొటోలో ఆ మలుపు దగ్గర బస్సు ఒక్కటి కూడా పడలేదేం అని రెండుసార్లు అడిగారు.

తర్వాతి వారం స్థానిక పత్రిక ఆదివారం అనుబంధంలో ఫొటోని సగం పేజీ వేశారు. కింద నాలుగు వాక్యాలు. కన్నవాళ్లని వీధిపాలు చేసే ఈ కాలానికి ఈ చిత్రం చెంపపెట్టు అని ఒకటి. డిపో గోడ ఆ పేటలో అందరికీ తెలుసు. ముసలాయన అందరికీ తెలుసు. ఏ ఇంట్లో ఉంటారో తెలుసు. రోజూ దించేది ఎవరో కూడా చాలామందికి తెలుసు గానీ, కళ్లతో చూసినదాని కంటే అచ్చులో చూసినదానికి బరువెక్కువ. మెట్ల మీద ఎదురైనవాళ్లు చెల్లెమ్మని పలకరించడం మానేశారు. పిల్లల కేంద్రంలో ఒక తల్లి, తన పాపని వేరే ఆయా దగ్గర ఉంచమని అడిగింది. కారణం చెప్పలేదు. రెండో తల్లి చెప్పింది, "ఇంట్లో పెద్దాయన్నే అలా వదిలేస్తే, మా పిల్లల్ని ఎలా చూస్తుందండీ" అని. అధికారిణి చెల్లెమ్మని పిలిచి, కొన్నాళ్లు పిల్లల దగ్గర వద్దు, వంటగదిలో సీసాలు కడిగే పని చూడమంది.

ఇవన్నీ నాకు బావమరిది చెప్పాడు. ఇంటికి రాలేదు. మా వీధి చివర టీ కొట్టు దగ్గరికి పిలిచి చెప్పాడు.

"బావా, నేను చూసుకునే లిఫ్టుల్లో ఏ ఒక్కటి ఆగినా నన్ను తిడతారు. తిట్టించుకుంటాను. అందులో నా చెయ్యి ఉంది కాబట్టి. దీంట్లో దాని చెయ్యి ఎక్కడుంది? నువ్వే తీసేశావుగా."

"నేను సరిచేస్తాన్రా."

"ఎలా? కోసింది మళ్లీ అతుకుతావా?" టీ తాగకుండానే గ్లాసు పెట్టేశాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చాడు. "ఇంకో సంగతి. నాన్న రోడ్డు మీదకి వెళ్లడం లేదు."

"పంపడం లేదా?"

"పంపకపోవడం కాదు. పత్రికలో వచ్చాక అది ఆయన పక్కనే నిలబడటం మొదలెట్టింది. భుజం మీద చెయ్యి వేసి. అందరికీ కనపడాలిగా! పాత డ్రైవరొకడు బస్సాపి, 'ఏం గురూ, అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపిస్తోందా' అన్నాడు. సరదాకే అన్నాడు. నాన్న ఆ రోజు కుర్చీ తన్నేశాడు. నన్ను పసిపిల్లాణ్ణి చేశావని దాన్ని తిట్టాడు. మర్నాటి నుంచి లేవనంటున్నాడు."

నేను మర్నాడే పత్రికాఫీసుకి వెళ్లాను. పూర్తి ఫొటో పట్టుకెళ్లాను. అనుబంధం చూసేది ఒక కుర్రాడు, మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు. పూర్తి ఫొటో చూశాడు, అంతా విన్నాడు.

"అంకుల్, కోడలు మామగార్ని బాగా చూసుకుంటోందంటే అది వార్త ఎలా అవుతుందండీ?"

"చూసుకోవడం లేదన్నది వార్తయిందిగా?"

"అది మేం అనలేదు. మీ ఫొటో అంది."

ఫొటో తీసుకుని లేచాను. అక్కణ్ణుంచి డాక్టరు ఆస్పత్రికి వెళ్లాను. కూర్చునే గదిలో, రోగులకి ఎదురుగా, నా ఫొటో. ప్రదర్శన నుంచి అప్పుడే తెచ్చి పెట్టుకున్నాడట. దాని కింద ఒకాయన దవడ పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది తీసి పూర్తిది పెట్టండి. పోనీ రెండూ పక్కపక్కన పెట్టండి," అన్నాను.

"రెండూ పెడితే మొదటిది చచ్చిపోతుందండీ."

"చావనివ్వండి."

ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "మీ చేత్తో తీసిన మంచి ఫొటోని మీరే పాడుచేసుకుంటానంటారేమిటి? ఇందులో అబద్ధం ఏముంది చెప్పండి. ఆయన కూర్చోలేదా? గోడ లేదా?" అన్నాడు. ఇంతలో నర్సు వచ్చి తర్వాతి మనిషి పేరు పిలిచింది. దవడ ఆయన లేచి, నన్ను దాటుకుని లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాత క్లబ్బుకి వెళ్లలేదు.

చెల్లెమ్మ శనివారం ఫోన్లు చేయడం అప్పటికే ఆపేసింది. అయినా నాకు ఒక ఆశ. పూర్తి ఫొటోని మంచి కాగితం మీద, పెద్దదిగా అచ్చు వేయించాను. ఊళ్లో ఎవరూ చూడకపోయినా సరే, ఆ ఇంటి గోడ మీద ఉంటే చాలు. వచ్చేపోయేవాళ్లు చూస్తారు. మామగారు చూస్తారు. గోధుమరంగు కాగితం చుట్టి, సంజవేళ దాటుతుండగా నాలుగంతస్తులూ ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆ మెట్లు ఆమె రోజూ ఎలా దించేదో ఆ రోజే తెలిసింది.

చెల్లెమ్మే తలుపు తీసింది. బావమరిది డ్యూటీలో ఉన్నాడు. మామగారి గదిలో దీపం ఆర్పి ఉంది.

"పడుకున్నారా?" మెల్లగా అడిగాను.

"ఇప్పుడే. ఈ మధ్య పొద్దు గుంకితే చాలు పడుకుంటున్నారు. ఏం తోచదుగా." మంచినీళ్లు తెచ్చిచ్చింది. గొంతులో దెప్పడం లేదు. దెప్పితే బాగుండుననిపించింది.

కాగితం విప్పి బల్ల మీద పెట్టాను. ఆమె వంగి చూసింది. ముందు ఆయన్ని చూసింది, తర్వాత తనని. జుట్టు మీదికి చెయ్యి దానంతటదే వెళ్లింది.

"ఈ పాదం చూడమ్మా," అన్నాను. "మొహం అటున్నా, పాదం ఆయన వైపే ఉంది. ఆ రాత్రే కనిపెట్టాను నేను."

చాలాసేపు చూసింది. "నాకే తెలీదు," అంది. తల ఎత్తి, "మీకు కనపడింది కదా. కనపడ్డాక కూడా తీసేశారు కదా అన్నయ్యా," అంది.

కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. గ్లాసులో నీళ్లు ఇంకా సగం ఉన్నాయి. అవి తాగడం తప్ప నాకు చేయడానికి ఇంకేమీ కనపడలేదు.

"ఇక్కడ, సోఫా పైన పెడదామా?" అన్నాను చివరికి. "మేకు నేనే కొడతాను. పొద్దున వస్తాను."

ఆమె మామగారి గది వైపు చూసింది. "ఆయన చూస్తే?"

"చూడాలనేగా."

"ఇన్నాళ్లూ నేనక్కడ లేననే అనుకున్నారు అన్నయ్యా. అంటే, తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేవారు. దీంట్లో చూస్తే, రోజూ నేను కాపలా కాశానని నిలువెత్తున గోడకెక్కించినట్టే. ఇప్పటికే మొహం ఎత్తడం లేదు." ఫొటో మీద కాగితం మళ్లీ కప్పింది. మడతలు మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టి, దారం కట్టింది. "బాగుంది. నిజంగా బాగుంది. మీ దగ్గరే ఉంచండి."

లోపల మంచం కిర్రుమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆయన లేవలేదు.

"వచ్చే ఆదివారం..." అన్నాను.

"ఆదివారం మేం ఊళ్లో ఉండం." వెంటనే అంది. ఆయన్ని వదిలి వాళ్లెక్కడికీ కదలలేరని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకీ తెలుసు. రావద్దని మొహం మీద అనకుండా, ఒక చిన్న అబద్ధం వెతికి నా చేతిలో పెట్టింది. పుచ్చుకున్నాను.

లేచి చెప్పులు వేసుకున్నాను. ఆమె బయటికి వచ్చి మెట్ల దీపం వేసింది. "మూడో అంతస్తు మలుపులో మెట్టు పగిలింది, చూసుకుని దిగండి," అంది. నేను ఆ మలుపు దాటేదాకా దీపం స్విచ్చు మీద చెయ్యి తియ్యకుండా నిలబడే ఉంది. దాటాక తల ఎత్తి చూశాను. లోపల నిద్రపోతున్న మనిషి లేవకుండా, తలుపుని రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాగుతోంది. గడియ పడిన చప్పుడు కూడా నాకు వినపడలేదు.